రాలిన ఆకుల బరువు

పోయిన మంగళవారం మా ఆసుపత్రి వాచ్‌మన్ ఆవరణలో ఉన్న కానుగ చెట్టు కొమ్మలు కొట్టించాడు. పని మధ్యలో ఏదో పట్టుకుని డయాలసిస్ గది గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు.

“సార్, మీ కిటికీ పక్క కొమ్మకి ఎవరో ప్లాస్టిక్ కవరు కట్టారండి. దారం మూడు చుట్లు చుట్టి ముడేశారు. లోపల ఎండిపోయిన ఆకులున్నాయి. చేతబడేమోనని కొమ్మలు కొట్టేవాళ్లు భయపడుతున్నారండి.”

“చేతబడి కాదు. నేనే కట్టాను.”

“మీరా?” అని నన్ను పైనుంచి కిందకి చూశాడు. “చదువుకున్నోళ్లు, మీరు కూడానా అండి?”

కవరు తీసుకుని లోపలి ఆకులు లెక్కపెట్టాను. తొమ్మిది. కట్టిన రోజు కూడా తొమ్మిదే. లెక్క సరిపోయిందన్న తృప్తి ఒక్క క్షణం కలిగింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. లెక్క సరిపోయింది కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకునే తప్పు ఒకసారి చేశాను. ఆ కవరు నాతో కట్టించినాయన విషయంలోనే చేశాను. ఆయన పోయి నాలుగు నెలలైంది.

ఆయన పేరు రాయను. ముప్పై ఏళ్లు పనిచేసిన చోట ఒక్క రికార్డు పుస్తకం మీద కూడా తన పేరు లేదని గర్వంగా చెప్పుకున్న మనిషి.

ముందు నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. నేను తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్ని. కిడ్నీలు పని మానేసినవాళ్లకి మా యంత్రం రెండు పనులు చేసిపెడుతుంది. రక్తంలో చేరిన మలినం తీస్తుంది, ఒంట్లో చేరిన నీళ్లు తీస్తుంది. ఎన్ని నీళ్లు తీయాలో తెలియడానికి మా దగ్గరున్న కొలత బరువు. ఒంట్లో అదనపు నీళ్లు ఏమీ లేకుండా ఉన్నప్పటి బరువుని డ్రై వెయిట్ అంటాం. అది డాక్టరు గారు నిర్ణయిస్తారు. పేషెంటు రాగానే కాటా ఎక్కిస్తాం. వచ్చిన బరువులోంచి డ్రై వెయిట్ తీసేస్తే, ఆ రోజు తీయాల్సిన నీళ్లు. కిలో అంటే లీటరు. ఇంత తేలికైన తీసివేత ఇంకే ఉద్యోగంలోనూ ఉండదు.

ఆయన డ్రై వెయిట్ యాభై నాలుగు.

మొదటి రోజు కాటా ఎక్కమంటే ఆయన వెంటనే ఎక్కలేదు. చెప్పులు విడిచారు. వాచీ తీసి భార్య చేతికిచ్చారు. జేబులోంచి తాళాల గుత్తి, కళ్లజోడు డబ్బా, చివరికి రేపల్లె నుంచి వచ్చిన రైలు టికెట్టు కూడా తీసి పక్కన పెట్టారు. అప్పుడు కాటా మీదకి వంగి అడిగారు.

“దీనికి సున్నా ఎప్పుడు చూశారండి?”

“పొద్దున్న చూశాను సార్.”

“ఆ తర్వాత ఎంతమంది ఎక్కారండి?”

“ముగ్గురు.”

“అయితే ఇంకోసారి చూద్దామా అండి?”

చూశాను. రెండు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. మూడేళ్ల ఉద్యోగంలో నన్ను ఆ ప్రశ్న అడిగిన పేషెంటు ఆయనొక్కరే. ఆ నిమిషం నుంచి ఆయనంటే నాకు ఇష్టం. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఒకటి తెలుస్తోంది. ఆ రోజు ఆయన ‘మీ కాటా తప్పు’ అనలేదు. ‘ఇంకోసారి చూద్దామా’ అన్నారు. ఆ తేడా అప్పుడు నాకు పట్టలేదు.

“కూర్చోండి మాస్టారూ” అన్నాను, ఆ పద్ధతి చూసి.

“మాస్టారేంటండీ బాబూ! నేను బోటనీ ల్యాబు అటెండర్ని. బాపట్లలో ఒక కాలేజీలో చేశాను. మాస్టార్లు బోర్డు దగ్గరుంటారు. నేను సింకు దగ్గరుండేవాణ్ణి.”

పక్కన నిలబడ్డ ఆయన భార్య అందుకుంది. “పిల్లలంతా ఆ సింకు దగ్గరే ఉండేవాళ్లు బాబూ. బోర్డు దగ్గర ఎవరుండేవాళ్లని?”

“నువ్వూరుకో” అన్నారాయన. సిగ్గుపడ్డారు కూడా.

నెల తిరిగేసరికి నాకాయన బాబాయ్ గారు అయ్యారు. నేను ఆయనకి అబ్బాయ్ అయ్యాను. ‘అండి’లు పోయాయి. సోమవారం, బుధవారం, శుక్రవారం; మొదటి షిఫ్టు; కిటికీ పక్కన నాలుగో కుర్చీ. రేపల్లెలో పొద్దున్నే రైలెక్కి ఇద్దరూ వచ్చేవాళ్లు. ఆవిడ సంచిలో టిఫిన్ డబ్బా, దుప్పటి, నీళ్ల సీసా ఉండేవి. ఆ సీసా ఆవిడ కోసం. ఆయనకు కనబడకుండా బయటికెళ్లి తాగొచ్చేది.

ఆయనకొక అలవాటుంది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు తిరగేసి అడుగు చూసేవారు. మందుల చీటీ, దుప్పటి అంచు, ప్లేటులో ఇడ్లీ, ఏదైనా సరే. మా ఆయా ఒకసారి అడిగేసింది. “ఏంటి బాబాయ్, ఇడ్లీ కింద ఏమన్నా రాసుందా?”

“ఆకుకి రంధ్రాలు అడుగునే ఎక్కువుంటాయమ్మా. ముప్పై ఏళ్లు ఆకులు తిరగేసీ తిరగేసీ ఇట్టా తయారయ్యా.”

నేను చదివింది ఇంగ్లీషు మీడియం. ట్రాన్స్‌పిరేషన్ అన్న మాట తెలుసు, పరీక్షకి సరిపడా తెలుసు. బాష్పోత్సేకం అన్న మాట ఆయన నోటనే మొదటిసారి విన్నాను. నాకు నోరు తిరగక రెండుసార్లు తడబడితే ఆయనకి మహా సంతోషమైంది.

“మా పిల్లలూ ఇంతేనబ్బాయ్. పరీక్షలో ఒకమ్మాయికి ఆ మాట గుర్తుంది గానీ అర్థం గుర్తు లేదు. బాష్పాలంటే కన్నీళ్లే గదా అనుకుంది. ‘బాష్పోత్సేకం అనగా మొక్కలు ఆకుల ద్వారా కన్నీరు కార్చుట’ అని రాసేసింది.”

“మార్కులు?”

“మా లెక్చరర్ గారు సున్నా వేయబోయారు. నేను పక్కన పేపర్లు అందిస్తున్నా. ‘ఆకుల ద్వారా అన్నది కరెక్టే గదండీ, కన్నీళ్లా ఆవిరా అన్న దగ్గరే గదండీ పిల్ల పొరబడిందీ’ అన్నా. ఆయన నవ్వి అరమార్కు వేశారు.”

ఆ అరమార్కు గురించి నాకు కనీసం ఆరుసార్లు చెప్పారు. తన సర్వీసులో సాధించినదంతా ఆ అరమార్కే అన్నట్టు చెప్పేవారు.

యంత్రం తిరుగుతున్నంతసేపూ ఆయన మాట్లాడేది మొక్కల గురించే. నా పని నేను చేసుకుంటూ వినేవాణ్ణి. “వేరు తాగిన నీళ్లలో మొక్క తనకోసం ఉంచుకునేది చాలా తక్కువబ్బాయ్. మిగతాదంతా ఆకు గాల్లోకి వదిలేస్తుంది. పిల్లలు అది వృథా అనుకుంటారు. వృథా కాదు. పైన ఆకు వదులుతుంటేనే కింద వేరు నుంచి నీళ్లు పైకి లాగబడతాయి. మోటారు లేదు, పంపు లేదు. పోతుంటేనే వస్తుంది.” అని తన రక్తం తిరుగుతున్న గొట్టం వైపు చూసుకునేవారు. “నాకేమో పోవడం ఆగిపోయింది. అందుకని రావడం కూడా ఆపమంటున్నారు మీరు.”

రోజుకి ఏడు వందల మిల్లీలీటర్లు. మందులతో తాగేది, కాఫీ, మజ్జిగ, అన్నీ కలిపి అంతే. ఆ కొలత పాటించడం భార్య బాధ్యత. “రిటైరైన రోజు ఈయనకి శాలువా కప్పారు బాబూ. ఈయన ఆ శాలువా నా చేతిలో పెట్టి, మూతి పగిలిన కొలజాడీ ఒకటి పక్కన పడేసుంటే అడిగి తెచ్చుకున్నారు. అప్పుడు తిట్టా, ఇంట్లో ఇదెందుకని. ఇప్పుడు దాంతోనే కొలిచి పోస్తన్నా. వంద గీత దాకా ఒక జాడీ. రోజుకి ఏడు జాడీలు.”

“గీత దగ్గర కళ్లు సమానంగా పెట్టి చూడదబ్బాయ్. పైనుంచి చూస్తుంది. నాకు రోజూ రెండు మిల్లీలీటర్లు నష్టం” అనేవారాయన.

“ఆ రెండు చుక్కలకీ ఏడుస్తారు” అనేదావిడ. అని తల తిప్పుకునేది.

దాహం గురించి ఆయన నేరుగా ఫిర్యాదు చేయడం నేను వినలేదు. మడ చెట్ల గురించి మాత్రం చెప్పేవారు. “నిజాంపట్నం వైపు వెళ్లినప్పుడు చూడు. చుట్టూ నీళ్లే, అన్నీ ఉప్పునీళ్లు. ఆకు తిరగేసి నాలిక్కి ఆనించి చూడు, ఉప్పగా ఉంటుంది. నీళ్లలో నిలబడి నీళ్లకి మొహం వాచిన చెట్టది. నన్నిప్పుడు ఎవరన్నా రికార్డులో బొమ్మ గీయాలంటే మడ చెట్టు గీస్తే సరిపోద్ది.”

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నవ్వు తెప్పించింది వాజిలిన్ సంగతి. ఒకే రకం ఆకులు నాలుగు తీసుకుంటారు. ఒకదానికి పైన, ఒకదానికి అడుగున, ఒకదానికి రెండు వైపులా వాజిలిన్ రాస్తారు. ఒకటి ఊరికే వదిలేస్తారు. నాలుగూ దారానికి వేలాడదీస్తారు. ఏది ముందు వాడిపోతుందో చూస్తే నీళ్లు ఏ వైపు నుంచి ఎక్కువ పోతున్నాయో తెలుస్తుంది. కొత్తగా వచ్చిన లెక్చరర్ ఒకాయన చీటీలు తారుమారుగా కట్టారు. పైన రాసిన ఆకుకి ‘అడుగు’ అని, అడుగున రాసినదానికి ‘పైన’ అని. పిల్లలు అదే రాసుకుంటున్నారు.

“మీరు చెప్పలేదా?”

“లేదు. పక్కనే ఇంకో దారం కట్టి, నాలుగాకులకి సరిగ్గా చీటీలు కట్టి, గదిలోంచి వెళ్లిపోయా. సాయంత్రానికి ఆయనే రెండు దారాలూ పోల్చి చూసుకుని పరుగెత్తుకుంటూ వచ్చారు. ‘ఇదిగో, ఒక సంగతి కనిపెట్టా’నని నాకే చూపించారు!”

“‘సార్, తప్పు’ అని ఒక్క మాట అంటే పోయేదిగా బాబాయ్ గారూ?”

“అటెండరు అట్టా అనకూడదబ్బాయ్. ఇంత చదువుకున్నవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. పక్కన ఇంకోటి పెట్టి మనం తప్పుకోవాలంతే. తెలివైనవాళ్లయితే వాళ్లే పట్టుకుంటారు.”

కవరు కట్టించింది చలికాలంలో, ఒక శుక్రవారం. యంత్రానికి గొట్టాలు తగిలిస్తుంటే, “ఇంకో రెండు నిమిషాలు నా పని ఆపి, ఆ కానుగ కొమ్మకి ఒక కవరు కట్టగలవా?” అన్నారు. చక్కెర తెచ్చిన పారదర్శకమైన కవరు ఆవిడ సంచిలోంచి తీసిచ్చింది. కిటికీలోంచి చేయి చాపి కట్టాను. దారం ఎన్ని చుట్లు చుట్టాలో ఆయనే చెప్పారు. ఆకులెన్నో లెక్కపెట్టమన్నారు. నాలుగు గంటల తర్వాత ఆయన్ని యంత్రం నుంచి విడదీసేసరికి కవరు లోపలంతా మసకగా ఆవిరి పట్టింది. అడుగు మూలలో చిన్న చుక్కలు చేరాయి. కరెంటుతో నడిచే మా యంత్రం ఆ నాలుగు గంటల్లో ఆయన ఒంట్లోంచి రెండు లీటర్లు తీసింది.

ఆయన తన చేతి కట్టు పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. “ఎంత హాయిగా పోగొట్టుకుంటుందో చూడు” అన్నారు. ఆవిడ వెళ్దామంటే కూడా కదల్లేదు. రైలుకి టైమైందని ఆవిడ చేయి పట్టి లాక్కెళ్లింది. ఆ కవరు విప్పడం నేనే మర్చిపోయాను.

నేనొక చార్టు పెట్టాను. ఇది నా సొంత తెలివి, ఎవరూ పెట్టమనలేదు. పేషెంటుకొక కాగితం. వచ్చిన బరువు, చేరాల్సిన బరువు, వెళ్లిన బరువు, తేడా. బాగా అదుపులో ఉంచుకున్నవాళ్ల పేరు పక్కన ఆకుపచ్చ గీత. ఆయన కాగితం చూస్తే నాకు కడుపు నిండేది. వచ్చినప్పుడు యాభై ఆరు, వెళ్లేటప్పుడు యాభై నాలుగు. మళ్లీ యాభై ఆరు, మళ్లీ యాభై నాలుగు. ఐదు నెలలు. అది గోడకి అంటించి మిగతావాళ్లకి చూపించేవాణ్ణి.

“రేపల్లె బాబాయ్ గారిని చూసి నేర్చుకోండమ్మా” అన్నాను ఒకసారి, కొల్లిపర నుంచి వచ్చే ఒకావిడతో. ఆవిడ నాలుగు కిలోలు పెరిగి వచ్చింది.

“ఆయనకేం నాయనా, ఆవిడ జాడీతో కొలిచి పోస్తది. నాకు కొలిచేదెవరు? కుండ నేనే, గ్లాసూ నేనే” అందావిడ. అందరూ నవ్వారు. బాబాయ్ గారు కూడా నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది.

ఆ దగ్గు సంగతి ఎక్కడా రాయలేదు. ఇంకా కొన్ని ఉన్నాయి, ఇప్పుడు వరసగా రాస్తున్నాను. వాచీ మణికట్టు మీద నిలవక మోచేతి దాకా జారేది. బెల్టుకి ఆయన భార్య కాల్చిన మేకుతో కొత్త చిల్లు పొడిచింది, తర్వాత ఇంకోటి. టిఫిన్ డబ్బాలో నాలుగు ఇడ్లీలకు బదులు రెండు ఉండేవి, అందులో ఒకటి ఆవిడే తినేది. కుర్చీ వెనక్కి వాల్చబోతే, “వద్దబ్బాయ్, కూర్చునే ఉంటా, పడుకుంటే పట్టేసినట్టుంటుంది” అనేవారు. ఇవన్నీ కళ్లతో చూశాను. నా చార్టులో వీటికి గడి లేదు.

పోవడానికి పన్నెండు రోజుల ముందు, ఒక బుధవారం, ఆయన ఇంకో కథ చెప్పారు. యంత్రం పెట్టి అరగంటైంది. నేను కాగితంలో యాభై ఆరు వేస్తున్నాను.

“ఒకసారి బాపట్లలో తమాషా జరిగిందబ్బాయ్. పొద్దుతిరుగుడు మొక్క తొట్టి ఒకటి. మట్టి పైభాగమంతా ప్లాస్టిక్‌తో కప్పేశాం, ఆకుల్లోంచి తప్ప ఎటూ నీళ్లు పోకుండా. తొట్టి బరువు నాలుగు కిలోల రెండొందలు. సుద్దతో దాని మీదే రాశాం. రోజూ సాయంత్రం తూకం వెయ్యాలి. ఎంత తగ్గితే అంత ఆకులు వదిలినట్టు. అది రాసుకుని, మళ్లీ గొట్టంలోంచి నీళ్లు పోసి నాలుగు కిలోల రెండొందలు చెయ్యాలి. చేసేది నేనే.”

“బాగుంది.”

“రిజిస్టరు చూస్తే ముచ్చటేసేది. రోజూ నాలుగు కిలోల రెండొందలు. ఈలోగా మొక్కకి ఏదో తెగులొచ్చి ఆకులు రాలుతున్నాయి. రాలినవి నేనే ఊడ్చేసేవాణ్ణి, గది శుభ్రంగా ఉండాలి గదా. మరి ఊడ్చేసిన ఆకుల బరువెటు పోయింది? తొట్టి అంత తేలికైంది. నేనేం చేశా? ఆ మేర కూడా నీళ్లు పోసి లెక్క సరిచేశా. రోజూ అంతే. ఆఖరికి మొక్క పీకి చూస్తే వేళ్లు కుళ్లి ఒకటే కంపు. అది ఎండి చావలేదబ్బాయ్. మునిగి చచ్చింది. కాటా మీద మాత్రం నాలుగు కిలోల రెండొందలే.”

చెప్పి నా వైపు చూశారు. కాస్త ఎక్కువసేపే చూశారు.

“మంచి కథ బాబాయ్ గారూ” అన్నాను. నవ్వాను కూడా. కాగితంలో యాభై ఆరు పక్కన, చేరాల్సిన బరువు గడిలో, యాభై నాలుగు వేశాను.

“అంతే అంతే” అన్నారాయన. దుప్పటి కాళ్ల మీదకి లాక్కున్నారు.

ఆ తర్వాత రెండో సోమవారం పొద్దున ఆరున్నరకి ఫోనొచ్చింది. “బాబూ, రేపల్లె నుంచి. ఈ రోజు మేం రావడం లేదు. ఆ కుర్చీ ఇంకెవరికన్నా ఇచ్చుకోండి.”

“రైలు తప్పిందా అమ్మా? రెండో షిఫ్టులో సర్దుతాను, రండి.”

“లేదు బాబూ. తెల్లారగట్ల ఆయాసం వచ్చింది. అంబులెన్సు వీధి మలుపు తిరిగేలోపే అయిపోయింది.”

“సరేనమ్మా” అన్నాను. ఆ సమయంలో అనాల్సిన మాట అది కాదు, కానీ నోట్లోంచి అదే వచ్చింది. ఫోను పెట్టేసి, అలవాటు కొద్దీ రిజిస్టరులో ఆయన గడిలో ‘రాలేదు’ అని రాశాను.

గుంటూరు నుంచి పదిహేను రోజులకొకసారి వచ్చే డాక్టరు గారు ఆ గురువారం ఆయన కాగితం చూశారు. “డ్రై వెయిట్ ఆఖరిసారి ఎప్పుడు మార్చాం?” అన్నారు.

“ఐదు నెలలైంది సార్.”

“మనిషి చిక్కాడా?”

వాచీ, బెల్టు, ఇడ్లీలు, దగ్గు. వరసగా చెప్పాను. అన్నీ నాకు గుర్తున్నాయి. డాక్టరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “కండ తగ్గితే ఆ మేరకు డ్రై వెయిట్ కూడా తగ్గించాలి. యాభై నాలుగులో మనిషి ఏ యాభయ్యో ఉండుంటాడు. మిగతాది నీళ్లే. మనం తియ్యకుండా ప్రతిసారీ ఒంట్లోనే వదిలిపెట్టాం. ఊపిరితిత్తుల్లో చేరింది.” కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ, “నేనూ చూసి ఉండాల్సింది” అన్నారు.

ఆయన మంచితనం కొద్దీ ‘మనం’ అన్నారు. డాక్టరు గారికి కనబడేది కాగితం. మనిషి కనబడేది నాకు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు కనబడేది. మార్పు ఉంటే చెప్పడమే నా ఉద్యోగం. రాలిన ఆకుల స్థానంలో నీళ్లు పోసి, లెక్క సరిపోయిందని ఐదు నెలలు ఆకుపచ్చ గీత గీశాను. ఆ కథ ఆయన ఊరికే చెప్పారా, నాకు చెప్పారా అన్న ప్రశ్న అప్పుడు మొదలైంది. నిద్ర పట్టనివ్వలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు రేపల్లె వెళ్లాను. జేబులో ఒక కాగితం పెట్టుకున్నాను, తడబడకుండా చెప్పాలని. డ్రై వెయిట్ అంటే ఏమిటి. అది ఎందుకు తగ్గించాలి. ఎవరు గమనించాలి. ఎవరు గమనించలేదు. నాలుగో అంశం పక్కన ‘నేను’ అని రాసుకున్నాను.

రెండు గదుల ఇల్లు. ముందు సిమెంటు అరుగు. అరుగు మీద తొట్లు వరసగా ఉన్నాయి. ఆవిడ నన్ను చూసి, లోపలున్న చెల్లెలిని కాఫీ పెట్టమని పంపించి, అరుగు మీద నా పక్కనే కూర్చుంది. నేను నోరు తెరవకముందే తను మొదలుపెట్టింది.

“నీకొక మాట చెప్పాలి బాబూ. చెప్పకపోతే నాకు అన్నం దిగేట్టు లేదు. ఇంకెవరికీ చెప్పలేదు.”

“చెప్పండమ్మా.”

“ఆదివారం మధ్యాహ్నం. ఏడు జాడీలూ అప్పటికే అయిపోయినయ్. ఎప్పుడూ అడగని మనిషి, నోరు పిడచగట్టుకుపోతోందే, కొంచెం పొయ్యవే అన్నారు. రేపు అబ్బాయి ఏమంటాడో అన్నా. అబ్బాయికి నేను చెప్పుకుంటాలే అన్నారు. చూడలేకపోయా. గ్లాసు నిండా పోసిచ్చా. కొలవలేదు.” అరుగు సిమెంటు మీద వేలితో గీస్తూ కూర్చుంది. “తెల్లారేసరికి ఆ గ్లాసే ఆయాసమై పట్టుకుంది. ఇన్నాళ్లూ చుక్క చుక్క కొలిచి, ఆఖరికి నా చేత్తో నేనే చంపుకున్నా బాబూ.”

“కాదమ్మా” అన్నాను. చాలా గట్టిగా అన్నట్టున్నాను, లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

కాగితం తీయలేదు. వరస కూడా తప్పింది. ముందు నాలుగోది చెప్పాను. తప్పు నాదని, ఆయన చిక్కిపోతుంటే నేను బరువు అంకె ఒక్కటే చూశానని. తర్వాత మిగతావి చెప్పాను. ఆయన ఒంట్లో మూడు నాలుగు లీటర్లు ఎప్పుడూ ఉండిపోతున్నాయని, అన్ని లీటర్ల ముందు ఒక గ్లాసు లెక్కలోకే రాదని, ఆ గ్లాసు ఇచ్చినా ఇవ్వకపోయినా తెల్లారగట్ల జరిగింది జరిగే ఉండేదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

ఆవిడ తిట్టలేదు. “ఆయనకి తెలుసు బాబూ” అంది. “ఒంట్లో నీళ్లు ఉండిపోతున్నయ్యని ఆయనకి అనుమానమే. అబ్బాయితో చెప్పండీ అని నేను పోరుతుంటే, ఒక బుధవారం రైల్లో చెప్పారు. ‘ఇవాళ తొట్టి కథ చెప్పొచ్చానే. తెలివైనవాడు, వాడే పట్టుకుంటాడు. నేరుగా చెబితే చిన్నబుచ్చుకుంటాడు, ఆ చార్టు చూసుకుని అంత మురిసిపోతుంటాడు పిచ్చినాయన’ అన్నారు.”

లోపల్నుంచి ఆవిడ చెల్లెలు కాఫీ తెచ్చి, మా ఇద్దరి మధ్యా పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ ఆవిడని పలకరించారు. ఆవిడ బదులు చెప్పింది. మళ్లీ నా వైపు తిరిగింది.

“అయితే ఆ గ్లాసు వల్ల కాదంటావు.”

“కాదమ్మా. ఒట్టు.”

“ఇంకా ఇచ్చినా తేడా ఉండేది కాదంటావు.”

“ఉండేది కాదమ్మా.”

ఆవిడ చిన్నపిల్లలా పెదవులు బిగించుకుంది.

“అది తాగాక ఇంకో గ్లాసడిగారు బాబూ. నా కొంగు పట్టుకుని మరీ అడిగారు. ఆ రెండోది నేను ఇయ్యలేదు.”